టెస్టింగ్‌కి డీటీపీ వాళ్లు కావాలి

ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ పెద్ద వెర్షన్లు ఏటా ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి వస్తాయి. అంతకుముందు పరీక్ష కోసం వచ్చే బీటా వెర్షన్లప్పుడే మా తెలుగు టెస్టింగ్ బృందానికి చేతినిండా పని.

ప్రోగ్రామర్ల కంటే రోజూ తెలుగు టైపు చేసేవాళ్లే నాకు ముఖ్యం. మాతో ఉన్న డీటీపీ ఆవిడ ముందు స్క్రీన్ స్కేలింగ్ 150 శాతానికి పెంచుతారు. తర్వాత ఒక్కో డైలాగ్ పెట్టె తెరిచి, ‘రద్దుచేయి’ లాంటి బటన్ల మీద ద వత్తు అడుగున తెగకుండా కనిపిస్తోందా అని చూస్తారు. ఆ చూపు నేర్పితే వచ్చేది కాదు.

బగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పు, దొరికితే వెంటనే రిపోర్టు రాసేయొద్దంటాను. ముందు సేఫ్ మోడ్‌లో, అంటే మన సెట్టింగులు పక్కనపెట్టి తెరిచి చూడాలి, ఆ సెట్టింగులుండే పాత ప్రొఫైల్ గొడవ కావచ్చు. తర్వాత బగ్ రిపోర్టులుండే సైట్ బగ్‌జిల్లాలో అది ముందే ఉందేమో వెతకాలి. రాసేటప్పుడు ఏం నొక్కితే ఏమైందో వరసగా చెప్పి, ‘గురించి’ పెట్టెలోని వెర్షన్ వివరాలు అతికించాలి.

మన బగ్‌ని మనమే ఖాయం చేసుకోకూడదు, ఇంకొకరు తమ మెషిన్‌లో తెప్పించి చూపాలి. అందుకే విండోస్ వాళ్లకీ లినక్స్ వాళ్లకీ జతలు కడుతున్నాను. ప్రస్తుతం మ్యాక్ వాడేవాళ్లు తక్కువ. మీ దగ్గరుంటే రండి, మొదటి రిపోర్టు పక్కనే కూర్చుని రాయిస్తాను.