ముగింపు గీత వద్ద సెన్సార్ ఎక్కడ ఉండాలి

హనుమకొండలో మా మేడ మీద పిల్లల కోసం నాలుగు వరుసల చెక్క వాలుబాట కట్టి, బొమ్మ కార్ల పందేనికి టైమర్ అమర్చాను. మధ్యాహ్నం వరకు చక్కగా పనిచేసిన సెన్సార్లు, నాలుగు గంటల ఏటవాలు ఎండ పడగానే కొన్ని కార్లను గుర్తించడం మానేశాయి. ఎండలోనూ పరారుణ కిరణాలు పుష్కలంగా ఉంటాయి కనుక, పైనున్న పరారుణ ఎల్‌ఈడీ వెలుగును కారు అడ్డుకున్నా, పక్కనుంచి దూరిన ఎండ బాటలో ఉండి వెలుగును పసిగట్టే ఫోటోట్రాన్సిస్టర్‌ను తాకుతూనే ఉంటుంది. అందుకే దానిని బాట ఉపరితలానికి ఒక సెంటీమీటరు కిందికి దించి, 3 మిల్లీమీటర్ల రంధ్రానికి నల్లని గొట్టం తొడిగాను. అప్పటి నుంచి అది నేరుగా పైనున్న వెలుగునే చూస్తోంది.

అంతకంటే ముఖ్యమైనది రంధ్రాలన్నీ ఒకే గీతపై ఉండటం. సెకనుకు 4 మీటర్ల వేగంతో వచ్చే కారు ఒక మిల్లీసెకనులో 4 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే ఒక రంధ్రం అంతమాత్రం వెనక్కి జరిగినా, గెలవవలసిన పిల్లవాడు ఓడిపోవచ్చు. అది నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అందుకే నాలుగు రంధ్రాలనూ విడివిడిగా కొలవకుండా, బాటకు లంబంగా మూలమట్టంతో ఒకే గీత గీసి, దానిమీదే తొలిచాను. పక్కనుంచి అడ్డంగా కిరణం పంపితే, పల్చని ముక్కున్న కారు దాని కిందుగా కొంత దూరం దూసుకుపోయాకే లెక్కకు వస్తుంది. పైనుంచి కిందికి పంపితే ఏ ఆకారానికైనా ముక్కే ముందుగా తగులుతుంది.