పళ్లెంలో మూడు మచ్చలు

శనివారం. పొద్దున చిన్న జల్లు, పదింటికల్లా ఎండ.

గిన్నెలు తోముతుంటే పోయిన నెల ఇక్కడే, మొరాకోలోని ఫెస్ పాత ఊళ్లో కొన్న నీలం పళ్లెం చేతికొచ్చింది. నడిమధ్య పువ్వు చుట్టూ మూడు చిన్న మచ్చలు. వేలితో తడిమితే గరుకుగా తగిలాయి. కొన్నరోజు దీపాల కింద అన్నీ నిగనిగలాడుతుంటే వీటిని చూడనేలేదు. డాగు సరుకు అంటగట్టాడని ఒళ్లు మండింది. “పళ్లెం కోసం పంచాయితీ ఎందుకు, వదిలెయ్” అన్నారు ఈయన. ఈయన ఉద్యోగం పుణ్యమా అని ఈ ఊరొచ్చి రెండేళ్లయింది. బేరం దగ్గర మాత్రం నేనింకా మా ఊరి మనిషినే.

కొట్టువాడి దగ్గరికి వెళ్తే తీపి మాటలు, పుదీనా టీ తప్ప ఇంకేం దొరకవు. అందుకని ఎర్ర టాక్సీ ఎక్కి నేరుగా కుమ్మరుల పేటకే వెళ్లాను. దాన్ని ఐన్ నొక్బీ అంటారు. ఆలివ్ గింజల పిప్పి వేసి కుమ్మరి ఆవం మండిస్తే నల్లటి పొగ కమ్ముకుంటుంది. ఆ పొగ పడలేకే కుమ్మరులను పాత ఊరి నుంచి బయటికి పంపించారట. ఇప్పుడు గ్యాసుతో కాల్చే ఆవం కూడా వచ్చింది.

అక్కడో పెద్దాయన, ఇక్కడి మాటలో మాల్లెమ్, అంటే మేస్త్రి, పళ్లెం అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. లోపలికి వెళ్లి చిన్న మట్టి ముక్క ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. దానికి మూడు కాళ్లు. ఆవంలో పళ్లేలు ఒకదానిమీద ఒకటి పేరుస్తారు కదా, వేడికి పైపూత కరిగి రెండూ అతుక్కుపోకుండా మధ్యలో ఈ ముక్కాలి పెడతారు. అది ఆనిన మూడు చోట్లా పూత కొద్దిగా లేచిపోతుంది. నా సగం ఫ్రెంచి, ఆయన చేతి సైగలు కలిసి ఈ సంగతి తేలడానికి పావుగంట పట్టింది. దెబ్బలాడదామని వచ్చినదాన్ని పళ్లెం కొంగుచాటుకు లాక్కున్నాను.

వెళ్లినదాన్ని వెళ్లినట్టు రాలేక కాసేపు నిలబడ్డాను. ఈ చుట్టుపక్కల దొరికే మట్టి బూడిదరంగులో ఉంటుంది. తొట్లలో నానబెట్టి, కాళ్లతో తొక్కి, సారె మీద పెడతారు. మన దగ్గర కర్రతో చక్రం గిర్రున తిప్పి వదిలితే, వీళ్లు కింద పలకను కాలితో తంతూనే ఉంటారు. ఒకసారి కాల్చాక తగరం కలిసిన తెల్లపూతలో ముంచుతారు. అది ఆరితే సున్నం కొట్టిన గోడే. అసలు పని అప్పుడు మొదలవుతుంది. కోబాల్టు రంగులో సన్నటి కుంచె ముంచి, కొలతబద్ద లేకుండా, పళ్లేన్ని తిప్పుకుంటూ గీతలు గీస్తారు. పొడిపూత రంగును వెంటనే పీల్చేస్తుంది కాబట్టి తప్పు పోతే తుడవడం కుదరదు. నేను చూస్తుండగా ఒక కుర్రాడు గీసిన నీలం మబ్బుపట్టిన బూడిదలా ఉంది. నచ్చలేదనే అనుకున్నాను. ఇంకోసారి ఆవంలోకి వెళ్లొస్తేగానీ ఆ నీలం బయటపడదట. ఫెస్ నీలం అని ఊరి పేరుతో పిలిచే రంగు అదే. పక్కన మరో పాకలో ఇదే మట్టిని పలకలుగా కాల్చి, సుత్తితో చిన్న చిన్న ముక్కలు చెక్కుతున్నారు. అవి గోడలకు పొదిగే జెల్లీజ్ ముక్కలు. ఆ టకటకకు చెవులు గింగుర్లెత్తి త్వరగా వచ్చేశాను.

వస్తూ వస్తూ ఆ మట్టి ముక్కాలి ఇస్తారా అని అడిగాను. విరిగినదొకటి ఊరికే ఇచ్చాడు. పళ్లెం కన్నా దాన్నే జాగ్రత్తగా తెచ్చుకున్నాను.

సాయంత్రం అమ్మకు వీడియోలో చూపించాను.

“బాగుందే! కొత్తావకాయ పెడితే ఎర్రగా ఎంత అందంగా ఉంటుందో.”

“పులుపు పెట్టకూడదమ్మా. పాత పద్ధతి పూతలో సీసం ఉంటుంది, ఊటలోకి దిగుతుంది.”

“మరి అన్నం పెట్టుకోక, ఆవకాయ పెట్టుకోక, ఎందుకే కొన్నావు?”

దానికి నా దగ్గర జవాబు లేదు. మచ్చల కథంతా చెప్పాను, ముక్కాలితో సహా. శ్రద్ధగానే విన్నది.

“అయితే ఏమైనా తగ్గించాడా?”

ప్రస్తుతానికి పళ్లెం ఫ్రిజ్ మీద ఉంది. అందులో తాళాలు, ఈయన కళ్లజోడు, ఆ విరిగిన ముక్కాలి.