మేకు ఎక్కడిది, గాజు ఎక్కడిది, నేల ఎక్కడిది?

చిన్నపిల్లలకి అమెరికా పయనీర్ కుటుంబాల గురించి, అంటే కొత్త చోట్లకి వెళ్ళి ఇల్లు కట్టుకుని స్థిరపడినవాళ్ళ గురించి, చెప్పాలనుకునేవాళ్ళు చాలామంది హోమ్‌స్టెడ్ చట్టంతో మొదలుపెడతారు. 1862, 160 ఎకరాలు, ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే భూమి నీది. ఆరేళ్ళ వాళ్ళకి ఒక ఎకరం ఎంతుంటుందో తెలియదు, ఇక 160 సంగతి చెప్పక్కర్లేదు. అదే, ఒక నాన్న తలుపు చేస్తున్నాడు, దగ్గర ఒక్క ఇనుప మేకు లేదు, కొయ్య సీలలు చెక్కి బిగిస్తున్నాడు, బందుల బదులు తోలు పట్టీలు వేస్తున్నాడు అని చదివి చూడండి. "మేకులు ఎందుకు లేవు?" అని వాళ్ళే అడుగుతారు. అక్కడ దొరుకుతారు మనకి.

నేను చదివిపెట్టేవి లారా ఇంగల్స్ వైల్డర్ పుస్తకాలు. 1867లో విస్కాన్సిన్‌లో పుట్టిన ఆవిడ తన చిన్నతనాన్ని కథలుగా రాసింది, మొదటిది 1932లో అచ్చయ్యేసరికి ఆవిడకి 65 ఏళ్ళు. వాటితో పాఠం చెప్పడానికి నాకు పెద్ద పద్ధతి అంటూ ఏమీ లేదు. పేజీలో ఏ వస్తువు కనిపించినా ఒకటే ప్రశ్న: ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

వెన్న తీసుకోండి. చలికాలంలో వెన్న పాలిపోయి తెల్లగా వస్తుంది, అది లారా వాళ్ళమ్మకి నచ్చదు, అందుకని క్యారెట్ తురిమి పాలల్లో వేడిచేసి, గుడ్డలో పిండి, ఆ పసుపు పాలు మీగడలో కలిపి అప్పుడు చిలుకుతుంది. పిండగా మిగిలిన క్యారెట్ తురుము అక్కాచెల్లెళ్ళకి. ఈ పేజీ చదివాక మూత గట్టిగా ఉన్న సీసాలో కొంచెం మీగడ పోసి పిల్లల చేతికివ్వండి, ఊపమనండి. మొదట ఒకటే సంబరం, కాసేపటికి చేతులు నొప్పి, ఆ తర్వాత "ఇంకా ఎంతసేపు?" మొదలవుతుంది. దయచేసి అప్పుడు మీరు లాక్కుని ఊపేయకండి, ఎందుకంటే ఆ విసుగు కోసమే ఇదంతా! వెన్న ఎలా వస్తుందో వీడియోలో కూడా చూడొచ్చు, కానీ రొట్టెకి రాసుకునే ఆ కాస్తకి ఎంతసేపు పడుతుందో చేతులకే తెలియాలి. ఆ ఇంట్లో వారంలో ఒక్కో పని ఒక్కో రోజుకి ఎందుకు కట్టేసి ఉందో కూడా అప్పుడే అర్థమవుతుంది. సోమవారం ఉతుకుడు, మంగళవారం ఇస్త్రీ, బుధవారం చిరుగులు కుట్టడం, గురువారం వెన్న, శుక్రవారం ఇల్లు శుభ్రం, శనివారం రొట్టెలు కాల్చడం. ఆదివారం ఏ పనీ లేదు, ఆటా లేదు, ఇది వినగానే పిల్లలకి నిజంగా కోపం వస్తుంది.

పందిని కోసే అధ్యాయం వదిలేద్దామని కొంతమందికి అనిపిస్తుంది. నేను వదలను. మాంసం ఎక్కడి నుంచి వచ్చిందో దాచిపెట్టి ఆ కుటుంబం ఎలా బతికిందో చెప్పలేం కదా. పైగా పంది మూత్రకోశాన్ని ఊది బెలూన్‌లా ఆడుకునే చోట వాళ్ళు నవ్వే నవ్వుకి ఆ రోజు చదువు అక్కడితో సరి.

మేకుల సంగతికి వస్తే, విస్కాన్సిన్ వదిలి వెళ్ళి కాన్సాస్‌లో కట్టుకున్న దుంగల ఇంటికి పైకప్పు వేయడానికి పొరుగాయన దగ్గర మేకులు అప్పు తెస్తాడు నాన్న, అన్నీ తిరిగి ఇచ్చేస్తానని. సుత్తి దెబ్బకి ఎగిరి గడ్డిలో పడ్డ మేకుని పిల్లలిద్దరూ వెతికి తెస్తారు, వంగిపోతే నాన్న కొట్టి సాపు చేస్తాడు. ఇక కిటికీ గాజు పట్నం నుంచి రావాల్సిందే. అన్నీ సొంతంగా చేసుకునే కుటుంబం అని మనం గొప్పగా చెబుతాం కానీ ఉప్పు, మేకులు, గాజు, బట్ట, తుపాకి మందు అన్నీ కొన్నవో అప్పు తెచ్చినవో. ఈ మాట పిల్లలకి చెప్పడం నాకిష్టం.

అలా అడుగుతూ పోతే ప్రశ్న నేల దగ్గరికి వస్తుంది. దుంగలు వాగు ఒడ్డు నుంచి వచ్చాయి, మేకులు పొరుగాయన ఇచ్చాడు, మరి ఇల్లు కట్టిన చోటు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. అది ఓసేజ్ అనే అమెరికా మూలవాసుల నేల (పుస్తకంలో ఇండియన్లు అనేది ఈ మూలవాసులనే), 1869లో అక్కడ తెల్లవాళ్ళు ఇల్లు కట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు, హోమ్‌స్టెడ్ చట్టం కూడా దానికి వర్తించదు. 1870లో చేసిన చట్టంతో ఓసేజ్‌లు ఆ నేల వదిలి ఇప్పటి ఓక్లహోమా వైపు వెళ్ళిపోవాల్సి వచ్చింది. పుస్తకంలో లారాయే నాన్నని అడుగుతుంది, ఇది ఇండియన్ల చోటు కదా, వాళ్ళకి కోపం రాదా అని. ఇంకేం అడక్కు, పడుకో అంటాడు నాన్న. నేను పుస్తకం మూసేది అక్కడే. ఆ పిల్ల అడిగినదానికి జవాబు రాలేదు, మీరైతే ఏం చెబుతారు అని వదిలేస్తాను. ఇంత చిన్నవాళ్ళకి ఇవన్నీ ఎందుకు అనేవాళ్ళుంటారు. అడక్కుండా వచ్చి మన చోట కూర్చోవడం అనేది మాత్రం ఐదేళ్ళవాళ్ళకి మనకన్నా బాగా తెలుసు.

ఇంకో పని కూడా చేయండి, ఇది డైరీ కాదు, కథ అని పిల్లలకి చెప్పండి. పుస్తకంలో చంటిపాప క్యారీ బండిలో వాళ్ళతోపాటే కాన్సాస్ వస్తుంది, నిజానికి ఆ పాప పుట్టిందే అక్కడ, 1870లో. లారాకి అప్పుడు రెండు మూడేళ్ళు, కాబట్టి ఆమె రాసినదాంట్లో చాలావరకు పెద్దవాళ్ళ నోట విన్నదే. కథలో సైనికులు వచ్చి ఖాళీ చేయిస్తారన్న భయంతో కాన్సాస్ నుంచి బయల్దేరతారు. అసలు సంగతిలో విస్కాన్సిన్ పొలం కొన్నవాడు డబ్బు కట్టలేకపోవడమూ ఉంది, ఆ పొలం మళ్ళీ వీళ్ళ చేతికే వచ్చి తిరిగి వెళ్ళారు. కొంచెం పెద్ద పిల్లలైతే ఇంకోటి చెప్పండి. ఈ కాన్సాస్ కథ ఉన్న పుస్తకం, 1935లో వచ్చిన 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ' మొదట్లో, ఆ నేల మీద మనుషులు లేరు, ఇండియన్లే ఉన్నారు అనే అర్థం వచ్చే వాక్యం ఉండేది. చదివినవాళ్ళొకరు ఉత్తరం రాసి అడిగాక, రచయిత్రి ఒప్పుకుని, 1953 ముద్రణలో 'మనుషులు' తీసేసి 'స్థిరపడినవాళ్ళు' అని మార్చారు. అచ్చయిన మాటని కూడా ప్రశ్నించవచ్చని, మార్చవచ్చని తెలియడం ఎనిమిదేళ్ళ వాళ్ళకి పెద్ద విషయం.

ఈ పుస్తకాల పక్కనే లూయీస్ ఎర్డ్రిక్ రాసిన 'ది బర్చ్‌బార్క్ హౌస్' పెట్టుకోండి. 1999లో వచ్చింది, కథ 1847లో లేక్ సుపీరియర్‌లోని ఒక దీవిలో, ఓజిబ్వే అనే మూలవాసుల ఇంటి పిల్లది. మేపుల్ చక్కెర రెండు ఇళ్ళల్లోనూ కాస్తారు. ఆ పేజీలు ఒకే రోజు చదివి, ముందు ఎవరికి తెలుసు ఈ పని అని అడగండి, ఎందుకంటే తెల్లవాళ్ళు రాకముందే ఆ సరస్సుల చుట్టూ ఉన్నవాళ్ళు చెట్టుకి గంటు పెట్టి ఆ రసంతో చక్కెర చేసేవాళ్ళు. అందులో మశూచి వచ్చే అధ్యాయం బరువైనది, పసివాడు చనిపోతాడు. ఆరేళ్ళవాళ్ళకి చదవాలంటే ముందు మీరొక్కరే చదివి చూసుకోండి. అలాగే లారా వాళ్ళు 1880-81 చలికాలంలో రైళ్ళు ఆగిపోయి, గడ్డి మెలిపెట్టి పొయ్యిలో వేస్తూ, కాఫీ మరలో గోధుమలు విసురుకుని బతికిన 'ది లాంగ్ వింటర్' ఎనిమిది దాటాకే తీయండి. భయమని కాదు, రోజుల తరబడి అదే రొట్టె, అదే చలి కాబట్టి చిన్నవాళ్ళు మధ్యలోనే లేచి వెళ్ళిపోతారు.