హెచ్4 మీద అమెరికా వచ్చే చెల్లెళ్ళకి

మా బాబాయ్ కూతురికి మొన్న మాఘమాసంలో పెళ్ళయింది. అబ్బాయి డాలస్ దగ్గర హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద చేస్తున్నాడు, సెలవు అయిపోయి వెనక్కి వచ్చేశాడు, ఇది విజయవాడలో కూర్చుని రోజూ పొద్దున్నే లేచి హెచ్4 (హెచ్1బీ వాళ్ళ జీవిత భాగస్వామికి, పిల్లలకి ఇచ్చే వీసా) ఇంటర్వ్యూ స్లాట్లు ఓపెన్ అయ్యాయా లేదా అని చూసుకుంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న, అక్కా జాబ్‌కి రిజైన్ చేసేయనా అని. దానికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇవే ప్రశ్నలు నాకు తెలిసిన ప్రతి కొత్త పెళ్ళికూతురూ అడుగుతోంది, ఇంట్లో పెద్దవాళ్ళేమో "మొగుడి దగ్గరకేగా వెళ్ళేది, అంతా అతనే చూసుకుంటాడు" అనేసి ఊరుకుంటున్నారు.

ముందు రిజైన్ సంగతి. వీసా స్టాంప్ పడిన పాస్‌పోర్ట్ చేతికొచ్చేదాకా చెయ్యొద్దు. ఒకప్పుడు పెళ్ళి, ఇంటర్వ్యూ, ఫ్లైట్ చకచకా అయిపోయేవి, ఇప్పుడు అలా లేదు. 2025 సెప్టెంబర్ 2 నుంచి దాదాపు అందరికీ ఇంటర్వ్యూ తప్పనిసరి చేశారు, ఆ తర్వాత డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ వాళ్ళవీ హెచ్4 వాళ్ళవీ సోషల్ మీడియా అకౌంట్లు కూడా చూస్తున్నారు, ప్రొఫైల్స్ పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. ఆ డిసెంబర్‌లో డేట్ ఉన్నవాళ్ళు ఎంతమందికి నెలల తరబడి వెనక్కి జరిగిందో. అప్పటికే ఉద్యోగం మానేసి, హాస్టల్ రూమ్ ఖాళీ చేసి పుట్టింట్లో సూట్‌కేసులు సర్దుకుని కూర్చున్న ఆడపిల్లల పరిస్థితి తల్చుకుంటే బాధేస్తుంది. నోటీస్ పీరియడ్ రెండు నెలలుంటే ఉండనీ, ఆ రెండు నెలలు ఆయన ఆగగలడు.

పేపర్లలో అన్నిటికంటే ముఖ్యం మ్యారేజ్ సర్టిఫికెట్. రిజిస్ట్రార్ ఆఫీస్‌లో తీసుకునేటప్పుడు ఇద్దరి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని వీసాకి ఏ రూలూ లేదు, నేను మార్చుకోలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఆయన ఐ-797 (హెచ్1బీ అప్రూవ్ అయిందని ఇచ్చే నోటీస్), పే స్లిప్పులు, కంపెనీ లెటర్, కొన్ని పెళ్ళి ఫోటోలు పెట్టుకోవాలి. నా ఇంటర్వ్యూ 2019లో, అప్పట్లో కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది (2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడకి మారింది). పెళ్ళెప్పుడైంది, మీవారు ఏ క్లయింట్‌కి చేస్తారు, జీతం ఎంత అని అడిగి పంపించేశారు. కాబట్టి ఆయన ఉద్యోగం గురించి మీకు బాగా తెలిసుండాలి. ఆయన్ని అడిగి తెలుసుకోండి, భార్యకి చెప్పకూడని విషయం అందులో ఏముంది!

ఎయిర్‌పోర్ట్‌లో దిగాక చాలామంది పట్టించుకోనిది ఐ-94. వీసా మీద ఉన్న డేట్ వేరు, మీరు ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 డేట్ వేరు, లెక్కలోకి వచ్చేది రెండోదే. పాస్‌పోర్ట్ ముందే ఎక్స్‌పైర్ అయ్యేట్టు ఉంటే ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఆ డేట్ వరకే ఇచ్చేస్తాడు, ఆయన ఐ-797లో ఇంకా రెండేళ్ళున్నా సరే. మా అపార్ట్‌మెంట్స్‌లో ఒకావిడకి అలాగే అయింది, కంపెనీ లాయర్ భర్త ఎక్స్‌టెన్షన్ మాత్రమే చూశాడు, ఈవిడ డేట్ ఎవరూ చూడలేదు, దాటిపోయాక తెలిసి పాపం ఇండియా వెళ్ళి మళ్ళీ రావాల్సి వచ్చింది. దిగిన వారంలోనే వెబ్‌సైట్‌లోంచి ఐ-94 డౌన్‌లోడ్ చేసుకుని మీ మెయిల్‌లో పెట్టుకోండి, ఆయన మెయిల్‌లో కాదు. పాస్‌పోర్ట్ ఏడాదిలోపు ఎక్స్‌పైర్ అయ్యేట్టుంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రెన్యూ చేయించుకునే ఎక్కండి.

ఇక ఇక్కడికొచ్చాక ఉండే జీవితం. నేను దిగింది డాలస్ పక్కన అర్వింగ్‌లో, చుట్టూ తెలుగువాళ్ళే, కరివేపాకు దగ్గర్నుంచి గోంగూర వరకు అన్నీ దొరుకుతాయి. అయినా మొదటి ఎండాకాలం నాకు చాలా కష్టంగా గడిచింది. పొద్దున ఎనిమిదింటికి ఆయన కారేసుకుని వెళ్ళిపోతే సాయంత్రం దాకా నేనూ ఆ నాలుగు గోడలూ, బయట నలభై డిగ్రీల ఎండ, నడిచి వెళ్ళే దూరంలో కూరగాయల షాప్ కూడా ఉండదు. హైదరాబాద్‌లో టీమ్‌ని నడిపిన మనిషిని, పది రూపాయలకి ఎవరినీ అడిగి ఎరగను, ఇక్కడ నా పేరు మీద ఒక్క కార్డు లేదు. ఈఏడీ (పని చేసుకునే పర్మిట్ కార్డు) లేని హెచ్4 వాళ్ళకి సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఇక్కడ ఉద్యోగానికీ బ్యాంకుకీ అడిగే ప్రభుత్వ నంబర్) ఇవ్వరు. కానీ అది లేకపోయినా డ్రైవింగ్ లైసెన్స్ వస్తుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. టెక్సాస్‌లో నంబర్ లేదని డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది, కొన్ని రాష్ట్రాల్లో సోషల్ సెక్యూరిటీ ఆఫీస్ నుంచి ఒక లెటర్ తెమ్మంటారు. ఎవరేం చెప్పినా మొదటి మూడు నెలల్లో డ్రైవింగ్ నేర్చుకుని టెస్ట్‌కి వెళ్ళండి. మనకి స్వేచ్ఛ ఆ రోజే మొదలవుతుంది, నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా.

చదువుకోవచ్చా అంటే, హెచ్4 మీదే నిక్షేపంగా చదువుకోవచ్చు, ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మారకపోతే ఓపీటీ (చదువుతో పాటు వచ్చే, కొన్నాళ్ళు పని చేసుకునే అవకాశం) మాత్రం రాదు. లైబ్రరీలోనో గుడిలోనో వాలంటీర్‌గా చేయొచ్చు. ఇండియా కంపెనీకి ఇక్కడి నుంచి రిమోట్‌గా చేస్తే ఏం కాదని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు, లాయర్‌ని అడక్కుండా అటు వెళ్ళకండి, రేపు గ్రీన్ కార్డ్ దగ్గర అది మెడకి చుట్టుకుంటుంది.

ఈఏడీ గురించి పెళ్ళిచూపుల్లోనే అడగండి. అవును, పెళ్ళిచూపుల్లోనే! 2015 మే 26 నుంచి హెచ్4 వాళ్ళకి పని చేసుకునే అవకాశం ఇచ్చారు, కానీ అందరికీ కాదు, భర్తకి ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యుండాలి, లేదా ఆరేళ్ళు దాటి పొడిగింపులో ఉండాలి. అబ్బాయి హెచ్1బీకి మారి ఏడాదే అయిందీ, కంపెనీ ఇంకా గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మొదలుపెట్టలేదూ అంటే మీరు కొన్నేళ్ళు ఇంట్లో ఉండాల్సి వస్తుందని అర్థం. జీతం, ఇల్లు, పొలం అన్నీ అడుగుతారు, ఐ-140 ఉందా అని అడగడానికి మాత్రం మొహమాటం. తెలిసి ఒప్పుకోవడం వేరు, వచ్చాక తెలుసుకుని కుమిలిపోవడం వేరు.

నాకు ఈఏడీ 2023లో వచ్చింది. కార్డు మీద సీ26 (హెచ్4 వాళ్ళ ఈఏడీ కోడ్) అని చూసుకుని ఏడ్చేశాను. రెన్యూవల్‌తోనే ఇప్పుడు కొత్త ఇబ్బంది. ఇదివరకు టైమ్‌కి అప్లై చేస్తే, ఐ-94 డేట్ ఉన్నంతవరకు, పాత కార్డు అయిపోయినా కొన్నాళ్ళు పని చేసుకోనిచ్చేవాళ్ళు, 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే అప్లికేషన్లకి అది తీసేశారు. కార్డు రాకపోతే ఉద్యోగం ఆపాల్సిందే. అందుకే ఆరు నెలల ముందే, అప్లై చేయనిచ్చే మొదటి రోజే పెట్టేయాలి.

ఆయన ఉద్యోగం పోతే మన స్టేటస్ కూడా దాంతోపాటే. మహా అయితే అరవై రోజుల గడువు, ఐ-94 ఇంకా ముందే అయిపోతుంటే అది కూడా ఉండదు. పక్కన కొంత డబ్బు, ఇండియా టికెట్‌కి సరిపడా అయినా ఎప్పుడూ ఉంచుకోవాలి.

ఇంకో విషయం, రాయకుండా ఉండలేను. చెయ్యి చేసుకునే భర్తల చేతిలో ఇరుక్కుని, "నోరెత్తితే నీ వీసా క్యాన్సిల్ చేయిస్తా" అన్న బెదిరింపుకి భయపడి ఉండిపోయేవాళ్ళు మనలో ఉన్నారు. అలాంటి భార్యలకి సొంతంగా పని చేసుకునే పర్మిట్ ఇచ్చే చట్టం అమెరికాలో 2006 నుంచి ఉంది, దానికి ఐ-765వీ అని విడిగా ఫారమే ఉంది. న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి లాంటి సంస్థలు మన దక్షిణాసియా ఆడవాళ్ళ కోసమే ఎన్నో ఏళ్ళుగా పని చేస్తున్నాయి. పాస్‌పోర్ట్ మీ దగ్గరే ఉంచుకోండి. ఎంత మంచి అత్తగారైనా, ఎంత మంచి మొగుడైనా, మీ పాస్‌పోర్ట్ మీ బీరువాలోనే.

ఇది చదివే అబ్బాయిలుంటే మీకూ ఒక మాట. ఆవిడ దిగిన మొదటి వారంలోనే బ్యాంక్‌కి తీసుకెళ్ళి జాయింట్ అకౌంట్ తెరవండి, సోషల్ నంబర్ లేకుండా పాస్‌పోర్ట్‌తో తెరిచే బ్యాంకులున్నాయి, మీ క్రెడిట్ కార్డు మీద ఆవిడ పేరుతో ఇంకో కార్డు తీసుకోండి. ఇన్సూరెన్స్‌లో ఆవిడ పేరు చేర్చడానికి మీ కంపెనీ ఇచ్చే గడువు చాలాచోట్ల నెల రోజులే ఉంటుంది, అది దాటితే మళ్ళీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ఒకసారి ప్లాన్ మార్చుకోనిచ్చే సమయం) దాకా ఆగాలి, కాబట్టి టికెట్ బుక్ చేసిన రోజే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి.