జాజ్ అరేంజింగ్: పై చదువుకు ముందు చెవికి అందాల్సినవి

జాజ్ అరేంజింగ్‌లో, అంటే బృందంలో ఏ వాద్యం ఏం వాయించాలో రాసే పనిలో, పై చదువుకు వెళ్లేవాళ్లు చాలామంది కార్డ్‌లన్నీ (కలిపి పలికించే స్వరాల గుంపులు) కంఠతా పట్టి వస్తారు. మంచిదే. కానీ రికార్డింగ్ వినిపించి రెండో ట్రాంబోన్ ఏం వాయించిందో రాయమంటే కలం కదలదు. మెలొడీకీ అడుగు స్వరానికీ మధ్యన నడిచే లోపలి లైన్లు వినలేని చెవి లోపలి లైన్లు రాయలేదు.

బిగ్ బ్యాండ్ అంటే మామూలుగా అయిదు శాక్సోఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, ఆపైన పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. మొదట్లోనే అంతమందికి రాయబోకండి, మూడింటితో మొదలుపెట్టండి. డ్యూక్ ఎలింగ్టన్ 1930లో రికార్డ్ చేసిన 'మూడ్ ఇండిగో' ఆరంభం తీసుకోండి. మ్యూట్ (శబ్దాన్ని అణిచే మూత) పెట్టిన ట్రంపెట్ పైన, మ్యూట్ పెట్టిన ట్రాంబోన్ మధ్యన, క్లారినెట్ అడుగున. పైన ఉంటుందనుకున్న క్లారినెట్ అడుక్కి దిగింది, ట్రాంబోన్ పైకెక్కింది. ఆ రంగు అలా వచ్చింది. ఒక్కో లైన్ పాడుకుంటూ రాయండి.

తర్వాత నాలుగు స్వరాల బ్లాక్, అంటే మెలొడీ కింద మరో మూడు స్వరాలు దగ్గరగా పేర్చి కలిపి నడపడం. సి మేజర్ సెవెన్త్ (సి, ఈ, జి, బి కలిసిన కార్డ్) మీద మెలొడీ సి అనుకుందాం. పైనుంచి కిందికి సి, బి, జి, ఈ. పై రెండూ సెమిటోన్ దూరంలో ఒరుసుకుని మెలొడీ మసకబారుతుంది. డ్రాప్ టూ (పైనుంచి రెండో స్వరాన్ని ఒక స్థాయి, అంటే ఆక్టేవ్, దించడం) చేద్దామని బిని దించారా, అడుగున బి, పైన సి కలిసి మైనర్ నైన్త్ (ఒక స్థాయి మీద సెమిటోన్ దూరం) అవుతుంది, ఇంకా గరుకు. బి బదులు ఏ పెట్టండి: సి, ఏ, జి, ఈ. ఇప్పుడు ఏని దించినా హాయిగానే ఉంటుంది.

మెలొడీ డికి ఎక్కినప్పుడు కింది మూడూ అలాగే ఉంచేస్తే ఆ ముగ్గురూ ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ ఊదాలి, వేగంలో ఇరుక్కుపోయినట్టు వినిపిస్తుంది. బి డిమినిష్డ్ సెవెన్త్ కార్డ్ వేసి డి, బి, ఏ ఫ్లాట్, ఎఫ్ రాస్తే నాలుగూ కలిసి నడుస్తాయి. ఎంత ముచ్చటగా ఉంటుందో వాయించి చూడండి!

కొన్ని వాద్యాల్లో రాసిన స్వరం ఒకటి, వినపడేది ఇంకొకటి; దానికి తగ్గట్టు మార్చి రాసే ట్రాన్స్‌పోజిషన్ సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది, నిజమే. రిహార్సల్‌లో వాయించేవాళ్లు "నా స్వరం ఏది?" అని అడిగితే మాత్రం నోటికి రావాలి. వినపడాల్సింది సి అయితే ఆల్టో శాక్సోఫోన్‌కు ఏ, టెనర్ శాక్సోఫోన్‌కూ ట్రంపెట్‌కూ డి. టెనర్‌కు రాసేది మేజర్ నైన్త్ (ఒక స్థాయి మీద ఒక టోన్) పైన, ట్రంపెట్‌కులా మేజర్ సెకండ్ (ఒక టోన్) కాదు. అది మరిస్తే స్థాయే తప్పుతుంది.

లీడ్ ట్రంపెట్‌కు (పై లైన్ వాయించే మొదటి ట్రంపెట్) షౌట్ కోరస్, అంటే చివర్లో బ్యాండంతా గట్టిగా వాయించే భాగం, ముందు కనీసం ఎనిమిది బార్ల విరామం ఇవ్వండి. అంతదాకా పై స్వరాల్లోనే ఉంచితే పెదవులు అలిసిపోయి, అసలు కావాల్సిన చోట స్వరం పగులుతుంది.