హేగ్‌లో శనివారం: టోకో కూరలు, టెంపే వేపుడు

శనివారం. హేగ్. పొద్దున్నుంచీ ముసురు.

యూరప్‌లో ఇండోనేషియా తిండి కోసం తిరగాలంటే ముందు రావాల్సింది నెదర్లాండ్స్‌లోని ఈ ఊరికే. 1949 డిసెంబరులో నెదర్లాండ్స్ తన వలసగా ఉన్న ఇండోనేషియా సార్వభౌమత్వాన్ని ఒప్పుకుంది. దానికి అటూ ఇటూ ఉన్న ఏళ్లలో అక్కణ్ణుంచి ఓడలెక్కి వచ్చిన కుటుంబాలు చాలా ఇక్కడే స్థిరపడ్డాయి. వాళ్ల వంట ఇళ్లలోంచి టోకోల్లోకి వచ్చింది. టోకో అంటే కిరాణా కొట్టూ మన కర్రీ పాయింటూ ఒకే గదిలో పెట్టినట్టుంటుంది. ఒక గోడకి కొబ్బరిపాల డబ్బాలు, మసాలా పొడులు. ఎదురుగా గాజు అలమరలో వండిన కూరల ట్రేలు.

గైడు పుస్తకాలు మాత్రం మనల్ని రైస్ట్‌టాఫెల్ తినమంటాయి. వలస పాలన నాటి దొరల భోజనం అది: మధ్యలో అన్నం, చుట్టూ డజనుకి పైగా చిన్న గిన్నెలు. చాలాచోట్ల ఇద్దరుంటేనే వడ్డిస్తారు. ఇద్దరున్నా నేను తినమని చెప్పను. గిన్నెలన్నీ వేడి పలకల మీద కూర్చుని, సగం దాటేసరికి ఏ కొబ్బరిపాల కూరైనా ఒకే రుచికొస్తుంది. ఒంటరి ప్రయాణికుడు టోకోలో నాసి రామెస్ అడగాలి: ఒక పళ్లెంలో అన్నం, ఒక మాంసం, రెండు మూడు కూరగాయలు, పైన కొబ్బరి వేపుడు పొడి సెరుండెంగ్. చైనీస్-ఇండోనేషియన్ అని బోర్డు పెట్టుకున్న పాత హోటళ్ల లెక్క వేరు. అక్కడి వంట డచ్చివాళ్ల నోటికి మలిచిన చైనా వంట. బాగుండొచ్చు, కానీ మనం వెతికేది అది కాదు.

టోకోకి వెళ్లే వేళ ముఖ్యం. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ట్రేలు నిండుగా ఉంటాయి. సాయంత్రానికి మిగిలేది అడుగూ బొడుగే. చాలా కొట్లు రాత్రి దాకా తెరిచి ఉండవు, ఆదివారమో సోమవారమో మూసేసేవీ ఉన్నాయి. లోపలికెళ్లగానే బీన్స్ ట్రే చూడాలి. సంబల్ (మిర్చి ముద్ద) వేసి వేయించిన సంబల్ గోరెంగ్ బీన్స్ ఇంకా పచ్చగా ఉంటే ఈ పూట వండినట్టు. ఖాకీ రంగుకి తిరిగితే పొద్దుటిదో నిన్నటిదో. తరవాత రెండాంగ్, కొబ్బరిపాలలో ఇగిర్చిన మాంసం కూర. అది ముదురు గోధుమరంగులో, ముక్కకి మసాలా అంటుకుని, నూనె తేలి ఉండాలి. ఇగురు జారుతుంటే అది కాలియో, అంటే రెండాంగ్‌కి ముందు దశ. కాలియో కూడా మంచి కూరే, కాకపోతే రెండాంగ్ పేరుతో అమ్మకూడదు. కొబ్బరిపాలు ఇగిరి, నూనె బయటికొచ్చి, ఆ నూనెలోనే ముక్క వేగడానికి గంటలు పడుతుంది. గ్యాసు ఖర్చు చూసుకునే కొట్టు కాలియో దగ్గరే దించేస్తుంది.

గొడ్డుమాంసం, పంది తినని మనవాళ్లకి కొన్ని మాటలు వచ్చి ఉండాలి. ఆయమ్ కోడి, కంబింగ్ మేక, ఇకాన్ చేప, ఉడాంగ్ రొయ్య, తెలుర్ గుడ్డు. సాపి గొడ్డుమాంసం, బాబి పంది. డాగింగ్ అంటే మాంసమే అయినా టోకోలో దాదాపుగా గొడ్డుమాంసమే. రెండాంగ్ కూడా అంతే. పుల్లకి గుచ్చి కాల్చే మాంసం ముక్కల్ని సాతే అని ఊరుకుంటే కోడి సాతే కావొచ్చు, పంది సాతే కావొచ్చు. ఈ దేశంలో రెండూ మామూలే. 'సాతే ఆయమ్' అని పూర్తిగా చెప్పాలి.

శాకాహారుల చిక్కు ఇంకో రకం. మాంసం కంటికి కనిపిస్తుంది, తెరాసి కనిపించదు. ఇది పులియబెట్టిన రొయ్యల ముద్ద. బీన్స్‌లో, గుడ్డు కూరలో, చాలా సంబల్స్‌లో ఉంటుంది. సాయుర్ లోదే అనే కొబ్బరిపాల కూరగాయల పులుసులోనూ ఎండురొయ్యలు పడుతుంటాయి. 'వెజిటేరియనా?' అని అడిగితే అవుననేస్తారు, వాళ్ల లెక్కలో అది మసాలా కాబట్టి. 'తెరాసి ఉందా?' అని పేరు పెట్టి అడగాలి. ఉడికిన కూరగాయల మీద వేరుశనగ సాస్ పోసే గాడో-గాడో తీసుకుంటే ఆ సాస్ గురించి కూడా అదే ప్రశ్న. పైన పెట్టే క్రుపుక్ అనే అప్పడం రొయ్యలదే, దాని బదులు ఎంపింగ్ అడగొచ్చు. అది మెలింజో చెట్టు గింజల్ని దంచి చేసే అప్పడం, కొంచెం చేదు.

కారం చాలదని ఫిర్యాదు చేసే తెలుగువాళ్లు ఒకటి గమనించాలి. మధ్య జావా వంట అసలే తీపి. తీపంతా డచ్చివాళ్ల కోసం కలిపింది కాదు. కారం కావాలంటే పశ్చిమ సుమత్రా పడాంగ్ వంట వండే చోటు చూసుకోవాలి, లేదా సంబల్ విడిగా తీసుకోవాలి. సంబల్ ఉలెక్‌లో దాదాపు పండుమిర్చి, ఉప్పే. సంబల్ బజక్ ఉల్లి, తెరాసి వేసి నూనెలో మగ్గించింది. అన్నంలో కలుపుకోవడానికి బజక్, వంటలోకి ఉలెక్.

ఇలాంటి ముసురు రోజున సౌతో అనే సూపు మేలు. 1890 నుంచి జావా కూలీల్ని ఒప్పందాల మీద దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సురినామ్ తోటలకి తీసుకెళ్లారు. 1975లో సురినామ్ స్వతంత్రమైన కాలంలో వాళ్ల వారసులు చాలామంది నెదర్లాండ్స్ చేరారు. సౌతో వాళ్ల సూపు: పలచటి కోడి రసం, చీల్చిన కోడి, మొలకలు, ఉడికిన గుడ్డు, అగ్గిపుల్లల్లా తరిగి వేయించిన బంగాళాదుంప. దుంప విడిగా ఇమ్మని, తినేముందు వేసుకోవాలి. లేకపోతే బస చేరేలోపు మెత్తబడుతుంది.

బసలో పొయ్యి ఉంటే హాగ్సె మార్క్ట్ చూడాలి. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లోనే ఉండే పెద్ద సంత. ఈ రోజు కొనాల్సింది టెంపే, అంటే సోయా గింజల్ని పులియబెట్టి చేసిన దిమ్మ. తెల్ల బూజు సోయా గింజల్ని గట్టిగా పట్టి ఉండాలి. అక్కడక్కడా బూడిదరంగు మచ్చలుంటే ఫరవాలేదు, అవి ఆ బూజు విత్తులే. జిగురు, అమోనియా ఘాటు ఉంటే వద్దు.

దీంతో కెరింగ్ టెంపే చేసుకుంటే ప్రయాణంలో వారం రోజులు కూరకి లోటుండదు. 400 గ్రాముల టెంపేని అర సెంటీమీటరు మందంతో పుల్లల్లా కోసి, రెండు వాయిలుగా, గరిటెకి గలగలమనేదాకా వేయించాలి. ఒకేసారి వేస్తే నూనె చల్లబడి టెంపే దాన్ని పీలుస్తుంది. ఐదు చిన్న ఉల్లిపాయలు, మూడు వెల్లుల్లి రెబ్బలు, మూడు పండుమిర్చి సన్నగా తరిగి విడిగా కరకరలాడించాలి. చెంచా నూనెలో రెండు ముక్కల లావోస్ (మన మూలికల కొట్లో దొరికే దుంపరాష్ట్రం, ఇక్కడ పచ్చిది దొరుకుతుంది), దంచిన నిమ్మగడ్డి కాడ, రెండు సలామ్ ఆకులు (ఇండోనేషియా వంటలో వాసనకి వేసేవి) వేగనివ్వాలి. సలామ్ దొరక్కపోతే మానేయడమే మంచిది, బిర్యానీ ఆకు దారి వేరు. తరవాత 75 గ్రాముల గులా జావా (తాటిజాతి చెట్ల బెల్లం), చెంచా చిక్కటి చింతపండు రసం, చెంచా కెచప్ మానిస్ (తియ్యటి సోయా సాస్), అర చెంచా ఉప్పు, మూడు చెంచాల నీళ్లు.

అసలు పని ఇక్కడుంది. పెద్ద బుడగలు చిన్నవై, లేత తీగపాకం రాగానే పొయ్యి ఆపి, టెంపే, వేయించినవన్నీ పోసి గబగబా కలపాలి. పాకం రాకుండా కలిపితే ఆ తడికి రాత్రికే మెత్తబడుతుంది. ముదిరితే మొత్తం ఒకే గడ్డ. పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, ఆవిరి చాలు దీన్ని పాడు చేయడానికి.

క్రుపుక్‌కి మూకుడు నూనె అక్కర్లేదు. ఎండు బిళ్లలు నాలుగైదు మైక్రోవేవ్‌లో అర నిమిషం పెడితే పొంగుతాయి. మధ్యలో గట్టిగా మిగిలితే తేమ పట్టిందన్నమాట, ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. తెరాసిని మాత్రం బసలో వేయించకూడదు, ఆ వాసన పరదాలకి పట్టి కూర్చుంటుంది. వేయించి అమ్మేది అడిగితే టోకోలో ఉంటుంది.

కెచప్, సంబల్ సీసాలు 100 మిల్లీలీటర్లు దాటితే చాలా విమానాశ్రయాల్లో చేతి సంచిలో విమానం ఎక్కనివ్వరు. పెద్ద పెట్టెలో, మూతకి టేపు చుట్టి, బట్టల మధ్య. గులా జావా గట్టి దిమ్మ కాబట్టి ఎక్కడైనా సరే.