సగం బొమ్మల తాడు

మేం విశాఖ ఎం.వి.పి. కాలనీలో ఉంటాం. దగ్గర్లో ఒక కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున వాటర్ కలర్ క్లాసు నడుస్తుంది. అక్కడ ఒక పద్ధతి ఉంది. బొమ్మ పూర్తయితే ఇంటికి తీసుకెళ్లొచ్చు. పూర్తి కాకపోతే మాత్రం గోడకు కట్టిన తాడుకి క్లిప్పు పెట్టి వేలాడదీయాలి. పక్కవాళ్లు చూసి అడుగుతారు, వేసినవాళ్లు చెప్పాలి. చేరిన కొత్తలో ఆ తాడు అంటేనే నాకు టెన్షన్. ఇప్పుడు హాల్లోకి అడుగుపెట్టగానే ముందు అటే వెళ్తాను. నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఆ సగం బొమ్మల దగ్గరే నేర్చుకున్నాను.

ఎందుకంటే నీటిరంగుల బొమ్మ పూర్తయ్యాక అదెలా వచ్చిందో కనిపించదు. ఆయిల్ పెయింట్లో ముదురు రంగు మీద లేత రంగు వేసి కప్పేయొచ్చు. ఇక్కడ రంగు లోంచి కింద ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది. తెలుపు అంటే రంగు తగలకుండా వదిలిన కాగితమే. కాబట్టి లేతవి ముందు, ముదురువి తర్వాత. ఏది ఎప్పుడు వేయాలి, ఏది అసలు ముట్టుకోకూడదు అన్నది మొదట్లోనే తేల్చుకోవాలి. తేల్చుకున్న ఆ లెక్క సగంలో ఉన్న కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. చివరి పొర పడ్డాక ఇక దొరకదు.

నేను ఎంచుకున్నది బీచ్ రోడ్డులోని కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి పొద్దున పూట కనిపించే డాల్ఫిన్స్ నోస్ కొండ. అటు తిరిగి నిలబడితే ఎడమ పక్క సముద్రం, కుడి పక్క నుంచి కొండ ముక్కులా నీళ్లలోకి చొచ్చుకుపోతుంది. ఎండ ఎడమ నుంచి వస్తుంది కాబట్టి సముద్రం వైపు రాళ్లు వెలుగులోనూ, మిగతాదంతా నీలంగా నీడలోనూ ఉంటాయి. ఫుల్ షీటు అంటే 22 × 30 అంగుళాలు. దాన్ని నాలుగు చేసి ఒక ముక్క బోర్డుకి టేపు వేసి అంటించాను. మంచి కాటన్ కాగితం, 300 జి.ఎస్.ఎం., అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందం. మాస్టారు ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీ పడనివ్వరు. రంగులు స్టూడెంట్ సెట్టువైనా ఫర్వాలేదు, కుంచెలు రెండున్నా చాలు, కాగితం మాత్రం మంచిది కొనుక్కోమంటారు. పలచటి కాగితం నీళ్లు పడగానే ఉబ్బిపోతుంది, రెండోసారి కుంచె తగిలితే పైపొర నలకలు నలకలుగా లేస్తుంది.

ఆకాశం వాష్, అంటే నీళ్లు ఎక్కువ కలిపి పలచగా పరిచే రంగు పొర, బాగానే వచ్చింది. అసలు కష్టం ఆరబెట్టడం దగ్గర మొదలైంది. వీడియోల్లో పది నిమిషాలు ఆగి రెండో పొర వేయమంటారు. అవి ఏ ఊళ్లో తీస్తారో గానీ, విశాఖలో వానాకాలంలో ఆ లెక్క నడవదు. సముద్రం గాలికి కాగితం పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. మాస్టారు నేర్పిన పరీక్ష ఒకటే: చెయ్యి తిరగేసి, వేళ్ల వెనక భాగం కాగితానికి ఆనించాలి. చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదన్నమాట. అరచేత్తో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటితే అక్కడ రంగు పట్టదు. హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చు, కానీ కాగితం మీద నీటి మెరుపు పోయాకే వాడాలి. ముందే వాడితే ఆ గాలికి రంగునీళ్లు ఒక పక్కకి జరిగిపోతాయి. మిగిలిన కాగితాలను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు వేసి దాచమంటారు. కాగితానికి పట్టించిన జిగురు చెమ్మకి పాడైతే రంగు మచ్చలు మచ్చలుగా లోపలికి ఇంకిపోతుంది.

అందుకే మా క్లాసులో ఏ బొమ్మా ఒక్క రోజులో అవదు. తాడు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

నా కొండ పక్కన వేలాడేది షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనది. ఆయన వేస్తున్నది జల ఉష. స్వతంత్రం వచ్చాక 1948లో మన విశాఖలోనే నెహ్రూ గారు నీళ్లలోకి దింపిన ఓడ. ఆయన దగ్గరున్న ఫొటో నలుపు తెలుపుల్లో ఉంది, రంగులన్నీ ఆయనే నిర్ణయించుకోవాలి. ముందు మొత్తం బొమ్మ ఒకే బూడిద రంగులో వెలుగునీడలుగా వేసుకున్నారు. అది పూర్తిగా ఆరాక పైన పలచగా ఒక్కో రంగూ పరుస్తున్నారు. చాలా వారాలు అది బూడిద బొమ్మగానే వేలాడింది. ఓడ వెనక భాగం చుట్టూ నీళ్లు ముదురుగా వేసి, ముందు వైపు కాగితం తెల్లగా వదిలేశారెందుకని అడిగాను. "ఓడ జారినప్పుడు వెనకే ముందు నీళ్లలోకి దిగుతాదమ్మా. ముక్కు ఇంకా గట్టు మీదే ఉంటాది. అక్కడ నీళ్లేటి?" అన్నారు. అప్పుడర్థమైంది. ఆ తెల్లటి చోటు పూర్తి కానిది కాదు, ఆయన లెక్కలో అది ఎప్పుడో పూర్తయిపోయింది.

ఆ తర్వాతది బీటెక్ చదివే అమ్మాయిది, భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు. 2014లో జాతీయ భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చోటు అది. ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, లైట్ రెడ్, ఈ మూడు మట్టి రంగులతోనే మొత్తం నడుపుతోంది. వానకి కోసుకుపోయిన ఒక గాడి అంచున రంగు ముడతలు ముడతలుగా, రేకులు విచ్చినట్టు వచ్చింది. "ఇది ఎలా వేశావమ్మా?" అని అడిగితే చెప్పలేకపోయింది, అనుకోకుండా వచ్చిందట. కానీ అడిగాం కదా, కూర్చుని వేరే కాగితం మీద మళ్లీ మళ్లీ వేసి చూసింది. వాష్ మీద నీటి మెరుపు పోయి, ఇంకా ఆరకముందు కొంచెం సేపు ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో నీళ్లు ఎక్కువున్న కుంచె ఆనిస్తే, కొత్తనీరు పాతరంగును అంచుకి తోసేస్తుంది. బ్లూమ్ అంటారు దాన్ని. పుస్తకాల్లో దీన్ని తప్పుగానే చెబుతారు. ఆ పిల్ల మిగతా గాడులన్నీ ఇప్పుడు కావాలనే అలా వేస్తోంది. "ఆంటీ, టైమింగ్ దొరికింది" అని చూపించినప్పుడు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

మన తెలుగువాళ్లలో నీటిరంగులు వేసినవాళ్లున్నారా అని ఆ అమ్మాయే ఒకరోజు అడిగింది. మాస్టారు దామెర్ల రామారావు గారి గురించి చెప్పారు. రాజమండ్రిలో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. రాజమండ్రిలో ఆయన పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉంది. నేనింకా చూడలేదు, తప్పకుండా వెళ్లాలి.

ఇంకొకావిడ ఆర్కే బీచ్ అలల నురగకి మామూలు తెల్ల కొవ్వొత్తి వాడుతున్నారు. నురగ ఉండాల్సిన చోట కాగితం మీద కొవ్వొత్తి రుద్ది, పైన వాష్ వేస్తే మైనం మీద రంగు నిలవదు. కాగితం గరుకుగా ఉంటుంది కాబట్టి తెలుపు తునకలు తునకలుగా మిగులుతుంది. చూడ్డానికి తేలిక. కానీ రుద్దిన మైనం మళ్లీ రాదు, కాబట్టి అల ఎక్కడ విరగాలో రంగు ముట్టకముందే నిర్ణయించుకోవాలి.

ఇక నా కొండ. నీడ వైపుకి అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా కలిపి వేశాను. ఆ రెండూ కలిస్తే మంచి బూడిద రంగు వస్తుంది. అల్ట్రామెరైన్ రేణువులు కాగితం గుంటల్లోకి దిగుతాయి, ఆరాక చూస్తే రాతి గరుకుతనం దానంతటదే వచ్చి కూర్చుంది. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించింది ఆరాక లేతబడుతుంది కదా, అందుకని మీద ఇంకో పొర వేద్దామనుకున్నాను. తాడు మీద వేలాడదీశాక హాలు ఆ చివర నుంచి చూసిన కొవ్వొత్తి ఆవిడ, "ఇంకేం వెయ్యకండి, కుంచె తగిలితే ఆ గరుకు లేచిపోతుంది" అన్నారు. మాస్టారు కూడా అవునన్నారు. దూరం నుంచి నేనూ చూశాను. బల్ల మీద వెలిసినట్టు కనిపించిన కొండ అక్కడి నుంచి నిండుగానే ఉంది. ఆ వైపు ఇక ముట్టుకోలేదు.

ఇప్పుడు మిగిలింది ముందున్న పడవలు. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి స్కెచ్‌లు వేసుకొచ్చాను. షిప్‌యార్డు పెద్దాయన వాటిని చూసి, పడవ పొట్ట దగ్గర వంపు ఎక్కడ మొదలవుతుందో పెన్సిల్‌తో గీసి చూపించారు. నాకు మూడు పడవలు వేయాలని ఉంది. ఆయన రెండు చాలంటున్నారు, మూడోది కొండకి అడ్డం వస్తుందని. చిత్తుకాగితం మీద రెండు రకాలుగానూ వేసి చూశాను, ఆయన మాటే సరి అనిపించింది. రెండే వేస్తాను. పొద్దుటి ఎండ కాబట్టి వాటి నీడలు కుడివైపుకి, ఒడ్డు వైపుకి పడాలి.